తాతబ్బాయి ఇంటి కింది వాటా

పెదగరువులో తెలివైనవాళ్ళెవరని అడిగితే, అడిగినవాడు నోరు మూసేలోగా చెయ్యెత్తే ఇల్లు ఒకటుండేది. కాలవగట్టు పక్కన మట్టిగోడల తాటాకిల్లు. అందులో తాతబ్బాయి, అతని పెళ్ళాం నూకాలమ్మ, తమ్ముళ్ళు సత్తిపండు, అబ్బులు కాపరం ఉండేవారు. తెలివి నలుగురికీ సమానంగానే ఉండేది. కాకపోతే తాతబ్బాయి పెద్దవాడు గనక అతనికి ఓ పిసరు ఎక్కువుంటుందని మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు.

తుపానుకి ఊరంతా మూడ్రోజులు కరెంటు పోతే, తాతబ్బాయి వీధిలో నిలబడి "మా ఇంట్లో పోలేదు" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. పోవడానికి వాళ్ళింటికి అసలు కరెంటే లేదు. "ముందుచూపంటే అదే మరి" అనేవాడు.

ఇంకోసారి బియ్యం బస్తా మీద 'తడి తగలనివ్వరాదు' అని రాసుంది. అంతే. నాలుగు రోజులపాటు ఆ ఇంట్లో అన్నం ఉడకలేదు. బియ్యం పెనం మీద వేయించుకుని, నమిలి నమిలి, దవడలు పట్టుకుని కూర్చున్నారు. "చదువొచ్చినవాడికీ రానివాడికీ తేడా ఇదేరా. రానివాడైతే ఈపాటికి బియ్యం కడిగేసేవాడు" అన్నాడు తాతబ్బాయి.

అలాంటి ఇంటికి ఒకరోజు వీరాయమ్మత్త కబురు పంపింది. వీరాయమ్మంటే వాళ్ళ నాన్నకి అక్క. తల్లి పోయినప్పుడు తాతబ్బాయి రెండో తరగతి, అబ్బులు చంకలో పిల్లాడు. ముగ్గురినీ ఆవిడే పెంచింది. తెలివి కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నామని అన్నదమ్ములు చెప్పుకునేవారు. పోయినేడు వచ్చినప్పుడు పెరటి గుమ్మం దగ్గర బురదలో జారి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూతురింటికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ తాతబ్బాయికి అన్నం సహించడం లేదు.

ఆవిడ పంపిన కబురు ఇది: "మిగిలిన రోజులు మీ దగ్గరే ఉంటాను. వచ్చే గురువారం మధ్యాహ్నం ఆటోలో దిగుతా. పెరట్లో గుమ్మానికి సమానంగా చెక్కబల్ల వేయించండి, కాలికి బురద అంటకుండా కూర్చుంటాను. నా మోకాళ్ళు ఎక్కలేవు. మీ ఇంట్లో ఒక్క మెట్టు ఎక్కాల్సొచ్చినా సరే, ఆ ఆటోలోనే వెనక్కి పోతా. మళ్ళీ రాను."

తాతబ్బాయి కళ్ళు తుడుచుకుని, వెంటనే వడ్రంగి సూరప్పాచారిని పిలుచుకొచ్చాడు.

ఆచారి పెరడంతా కలయదిరిగి, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని చూశాడు. "ఇదిగో, మీ నేల గుమ్మానికి సమానంగా ఉంది. నా బల్ల కాళ్ళతో కలిపి మూరెత్తు. ఇలాగే వేస్తే మీ అత్త మూరెత్తు ఎక్కాలి. అందుకని మూర లోతు మట్టి తీసెయ్యండి. అప్పుడు బల్లా గుమ్మమూ ఒకే మట్టానికొస్తాయి. కాళ్ళు మాత్రం గట్టిగా నేలకి ఆనాలి. ఆనకపోతే నా పూచీ లేదు. బల్ల చేసి బండి మీద పంపిస్తా" అని, చెవిలో పెన్సిలు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తాతబ్బాయి ఒక్కడే దిగి, తన మోచెయ్యి పెట్టి కొలుచుకుంటూ మూర లోతు తవ్వేశాడు. నడుం పట్టుకుని పైకొచ్చి, "అయిపోయింది" అన్నాడు.

"నీది అయిపోయింది. నాదో?" అన్నాడు సత్తిపండు.

"నీదేంట్రా?"

"ఆచారి మూర తవ్వమన్నప్పుడు నావైపు చూశాడన్నయ్యా. నేను తవ్వకపోతే మాట తప్పినట్టు కాదూ?"

"నావైపూ చూశాడు" అన్నాడు అబ్బులు.

తాతబ్బాయి ఆలోచించాడు. 'తవ్వు' అనలేదు ఆచారి, 'తీసెయ్యండి' అన్నాడు. అందరికీ చెప్పినట్టే. "అయితే తలో మూరా తవ్వండి. పెద్దమనిషి మాట" అన్నాడు.

ఇంకేముంది, సత్తిపండు గోతిలోకి దిగాడు. వాడి చేతులు మోకాళ్ళదాకా వేలాడతాయి గనక వాడి మూర మూరంబావు. వాడి వెనకే అబ్బులు దిగబోతుంటే నూకాలమ్మ చీర బొడ్లో దోపుకుని పార అందుకుంది.

"నీకెందుకే?" అన్నాడు తాతబ్బాయి.

"ఆయన మజ్జిగ తాగుతూ నన్ను చూసే చెప్పాడండీ. అత్తకి నేను మాత్రం కోడల్ని కానా?"

అలా నాలుగు మూరలు ఖాయమయ్యాయి.

అయితే సత్తిపండు తన మూర సగం తవ్వేసరికే పలుగు ఠంగుమంది. గోడ కింద, మట్టిలోంచి, నల్లరాళ్ళు వరసగా బయటపడ్డాయి. రాయి మీద రాయి, మధ్యలో సున్నం. సత్తిపండు తడిమాడు. అటు పదడుగులు, ఇటు పదడుగులు, అంతా రాతిగోడే.

"అన్నయ్యా, మనింటి కింద ఇంకో ఇల్లుంది."

తాతబ్బాయి గోతిలోకి దిగి చూశాడు. తలెత్తి తన మట్టిగోడ చూశాడు. మళ్ళీ కిందున్న రాతిగోడ చూశాడు. అతని ఛాతీ మెల్లగా ఉబ్బింది. "ఒరే, మనం ఇన్నాళ్ళూ మేడ మీద ఉంటున్నాంరా!"

నలుగురూ మేడ మీద ఉండేవాళ్ళు ఎలా నిలబడతారో అలా నిలబడి చూసుకున్నారు.

"మావయ్యగారు ఒక్కనాడూ చెప్పలేదే?" అంది నూకాలమ్మ.

"నాన్నకి గొప్పలు చెప్పుకోవడం ఇష్టముండదు."

"మరి కింది వాటాలో ఎవరుంటున్నారో?"

ఆ ప్రశ్నతో అందరూ తమ కాళ్ళకేసి చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ నెత్తిమీద దబదబ నడిచారు. రోకళ్ళతో కారం దంచారు. పోయిన కార్తీకంలో సత్తిపండు మంచం మీంచి రెండుసార్లు పడ్డాడు. అయినా కిందివాళ్ళు పల్లెత్తు మాటనలేదు. "ఎంత మంచివాళ్ళో" అని నూకాలమ్మ కళ్ళొత్తుకుంది. ఆ రోజు నుంచీ ఇంట్లో మునివేళ్ళ మీద నడిచారు. మిరపకాయలు దంచడం మానేసి అలాగే కొరుక్కున్నారు. అబ్బులుకి తుమ్మొస్తే పరుగెత్తుకెళ్ళి కాలవగట్టు మీద తుమ్మొచ్చేవాడు.

"పలకరించాలి కదా, పద్ధతి" అన్నాడు తాతబ్బాయి. పలకరించాలంటే తలుపు తట్టాలి. పెరటివైపు తలుపు లేదు. కాబట్టి వీధివైపుంటుంది. అంతే, వీధివైపు తవ్వారు. అక్కడా లేదు. తూర్పున తవ్వారు. పడమర తవ్వారు. వారం రోజుల్లో ఇంటి చుట్టూ నాలుగు మూరల లోతు కందకం పడింది. మూడో మూరలోనే రాళ్ళయిపోయి, నూకాలమ్మ మూరంతా ఉత్త మట్టే వచ్చింది. ఇల్లు మధ్యలో తలపాగా చుట్టుకున్న ముసలాయనలా ఒంటరిగా నిలబడింది. ఇంట్లోకి వెళ్ళాలంటే నిచ్చెన మీద కందకంలోకి దిగి, అదే నిచ్చెన అవతలికి జరిపి ఎక్కాలి. ఒకరు ఎక్కాక రెండోవాళ్ళు నిచ్చెన కోసం అరవాలి. కిందివాళ్ళకి ఇబ్బందని అరవడం కూడా గుసగుసగానే అరిచేవారు.

తలుపు మాత్రం దొరకలేదు.

"తలుపే లేదంటే, లోపలివాళ్ళకి బయటికొచ్చే పని లేదన్నమాట. అన్నీ లోపలే ఉన్నాయి. మహా కలిగినవాళ్ళు" అన్నాడు తాతబ్బాయి. సరే తలుపు లేకపోతే గోడే అని, వేలి కణుపుతో రాతి మీద మర్యాదగా కొట్టాడు. "ఏవండోయ్, మేం పైవాటా వాళ్ళం."

రాళ్ళ సందులోంచి ఒక పందికొక్కు బయటికొచ్చి, వీళ్ళని చూసి, లోపలికి పోయింది.

"చెప్పడానికెళ్ళింది" అన్నాడు అబ్బులు.

వాళ్ళు ఒక గంట ఎదురుచూశారు. పందికొక్కు రాలేదు గానీ, పైన వంటింటి గోడలో టప్పుమని చప్పుడైంది. నూకాలమ్మ నిచ్చెనెక్కి చూసొచ్చి, "గోడ నిలువునా విచ్చిందండీ. చెయ్యి పడుతుంది. పొయ్యి దగ్గర ఎంత వెలుతురొస్తోందో!" అంది మురిసిపోతూ.

గురువారం పొద్దున ఆచారి పంపిన బల్ల బండి మీద దిగింది. పదడుగుల చక్కటి టేకుబల్ల, నున్నగా చిత్రిక పట్టింది. అన్నదమ్ములు దాన్ని గోతిలోకి దించి, కాళ్ళు నేలకి ఆనేలా సర్దారు. పని ముగించి తలెత్తి చూశారు.

బల్ల కిందుంది. గుమ్మం పైనుంది. మధ్యలో మూడు మూరలు.

తాతబ్బాయి పొద్దు వైపు చూశాడు. మధ్యాహ్నానికి అత్త దిగుతుంది. ఒక్క మెట్టు ఎక్కాల్సొచ్చినా వెనక్కి పోతానంది. ఇక్కడ చూస్తే పదకొండు మెట్ల నిచ్చెన. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా తనని భుజాన వేసుకుని తిరిగిన మనిషి, ఇవాళ వీధిలోంచే తిరిగిపోతుంది. అతను బల్ల మీద కూలబడి, తలపట్టుకున్నాడు.

"బల్ల కాళ్ళు పొడుగు చేద్దాం" అన్నాడు సత్తిపండు.

"ఆచారి మూరన్నాడు. ఆచారి మాట కాదంటావా?"

"పోనీ అత్త కాళ్ళు..." అని అబ్బులు ఏదో అనబోయి ఊరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కాలవగట్టు మీద సైకిలు పడిన చప్పుడైంది. గంగాచలం మేస్త్రి. వాళ్ళ నాన్నకి స్నేహితుడు, ఆ ఇల్లు కట్టింది ఆయనే. సైకిలు అక్కడే వదిలేసి కందకం ఒడ్డుకి పరుగెత్తుకొచ్చాడు. పంచె జారిపోతున్నా చూసుకోలేదు.

"ఒరేయ్ తాతబ్బాయ్! ఏంట్రా ఇది! ఎవడు తవ్వమన్నాడ్రా!"

"నెమ్మదిగా బాబాయ్. కిందివాళ్ళు పడుకునుంటారు."

"కిందివాళ్ళేంట్రా?"

"కింది వాటా వాళ్ళు. ఇదిగో, ఈ రాతింట్లో ఉంటారు."

మేస్త్రి నెత్తి బాదుకున్నాడు. "అది పునాదిరా! ఆ రాళ్ళు పేర్చింది నేనేరా!"

తాతబ్బాయి తమ్ముళ్ళవైపు తిరిగి, "ఇంటిపేరు తెలిసింది. పునాదివారు" అన్నాడు. మళ్ళీ మేస్త్రితో, "మీకు బాగా ఎరికన్నమాట. వాళ్ళు ఎంతమంది బాబాయ్?" అనడిగాడు.

"నా మాట వినండ్రా!" మేస్త్రి చేతులు జోడించాడు. "ఇంటి బరువంతా దాని మీదుంది. దానికి చుట్టూ మట్టి ఒత్తు ఉండాలి. దాని అడుగు మట్టి కూడా తవ్వేశారు. తొలకరి నెత్తి మీదుంది. ఈ గోతిలోకి నీళ్ళొచ్చాయంటే ఇల్లు కిందకి దిగిపోద్ది! అర్థమైందా? మొత్తం దిగిపోద్ది! ముందు సామానంతా బయటపెట్టుకుని, ఈ గొయ్యి నింపండి. నింపండ్రా బాబూ! నేను పొరుగూరెళ్ళి నలుగురు మనుషుల్ని తీసుకొస్తా."

సైకిలెక్కి ఆయన అటు వెళ్ళగానే, తాతబ్బాయి లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నారా? ఇల్లు కిందకి దిగుతుందట."

"ఎంత దిగుద్ది?" అన్నాడు సత్తిపండు.

"మనకి కావలసింది మూడు మూరలు. మేస్త్రి మొత్తం దిగుద్దన్నాడు. మధ్యలో ఆపుకుందాం. బల్ల పైకి రాకపోతే గుమ్మమే బల్ల దగ్గరకొస్తుంది. అత్త ఎక్కక్కర్లేదు!"

"వానేదండీ మరి?" అంది నూకాలమ్మ. ఆకాశంలో అప్పుడప్పుడే ఓ మూల మబ్బు పడుతోంది.

"వానదాకా ఎందుకే? నీళ్ళొస్తే దిగుద్దన్నాడు. గొయ్యి నింపమన్నాడు. అంతకన్నా విప్పి ఎవరు చెబుతారు?"

అంతే. సామానంతా మోసుకొచ్చి పనసచెట్టు కింద పెట్టారు. మేస్త్రి మాట పొల్లుపోకూడదని ఉప్పుజాడీ మూతతో సహా లెక్కగా తెచ్చుకున్నారు. ఆవుని తీసుకెళ్ళి గట్టు మీద కట్టారు. కాలవ నుంచి కందకం దాకా ఒక చిన్న బోదె తవ్వి, నీళ్ళు వదిలారు.

నీళ్ళు జలజలా వచ్చాయి. ఇంటి చుట్టూ తిరిగాయి. మోకాలెత్తు వచ్చాయి, నడుమెత్తు వచ్చాయి. తాతబ్బాయి రెప్పవెయ్యకుండా ఇల్లు చూస్తూ కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇల్లు దిగట్లేదు. బల్ల ఎక్కుతోంది!" అని కేకేశాడు అబ్బులు.

నిజమే. టేకుబల్ల నీళ్ళతోపాటు తేలి, మెల్లగా పైకొస్తోంది. మూర పైకొచ్చింది. రెండు మూరలు పైకొచ్చింది. చివరికి గుమ్మం దగ్గరకొచ్చి, ఒక్క వేలెడు ఎత్తుపల్లం లేకుండా, గుమ్మాన్ని ఆనుకుని ఆగింది. అత్త అడుగు తీసి అడుగేస్తే చాలు.

తాతబ్బాయి హడలిపోయాడు. "కొంప మునిగింది! ఆచారి కాళ్ళు నేలకి ఆనాలన్నాడు. ఆనలేదంటే ఆయన పూచీ లేదు. పూచీ లేని బల్ల మీద అత్తని కూర్చోబెడతామా? ముంచండ్రా దాన్ని!"

సత్తిపండు, అబ్బులు బల్ల మీదకెక్కి గెంతారు. బల్ల ఊగింది గానీ మునగలేదు. బరువు కావాలి. చుట్టుపక్కల రాయి లేదు, అంతా కాలవ మట్టి. అప్పుడు సత్తిపండుకి తట్టింది. "కింది వాటా గోడకి బోలెడు రాళ్ళున్నాయి కదా!"

"అడక్కుండా తీస్తే బాగుండదు" అన్నాడు తాతబ్బాయి. బల్ల మీద బోర్లా పడుకుని, నీళ్ళలోకి వంగి, "పునాదివారూ, ఓ నాలుగు రాళ్ళు కావాలండీ. అత్త రాగానే ఇచ్చేస్తాం" అన్నాడు. నాలుగు బుడగలు పైకొచ్చాయి.

"నాలుగూ తీసుకోమన్నారు" అన్నాడు అబ్బులు.

గడ్డపార వేసి నాలుగు రాళ్ళు ఊడబెరికి బల్ల మీద పెట్టారు. చాల్లేదు. మళ్ళీ అడిగారు, మళ్ళీ బుడగలొచ్చాయి. అలా అడిగి అడిగి ఇరవై ఎనిమిది రాళ్ళు తీసేసరికి బల్ల బుడుంగుమని మునిగి, కాళ్ళు నేలకి ఆనాయి. నలుగురూ తృప్తిగా ఒడ్డెక్కారు. ఇల్లు మాత్రం మూలిగింది.

"దిగడానికి సిద్ధమవుతోంది. సరిగ్గా మూడు మూరలకి 'చాలు' అని చెప్పడానికి ఒకడు లోపలుండాలి" అన్నాడు తాతబ్బాయి.

"నేనుంటా" అని అబ్బులు నిచ్చెన ఎత్తాడు. ఇంతలో పనసచెట్టు కింద నూకాలమ్మ ఆకులేసింది. పప్పులో ఆవకాయ వాసన గుప్పుమంది. అబ్బులు నిచ్చెన దించేశాడు. "తినేసి వెళతా. అది ఎక్కడికి పోతుంది?"

మొదటి ముద్ద కలిపారో లేదో, ఇల్లు బయలుదేరింది. ముందు వీధిగోడ కాళ్ళు చాపింది. తర్వాత పక్కగోడలు రెండూ చెరోవైపు కందకంలోకి ఒరిగాయి. తాటాకు కప్పు గొడుగులా లేచి, ఊగి, అవతల గడ్డివామి పక్కన కూలబడింది. ధన్‌మని దుమ్ము లేచింది.

"చాలు!" అని అరిచాడు అబ్బులు, నోట్లో ముద్దతోనే.

దుమ్ము సర్దుకుంది. నాలుగు గోడల మట్టీ నాలుగువైపుల కందకంలో పడి, నీళ్ళన్నీ తాగేసి, ఎక్కడికక్కడ నిండిపోయింది. వీధి నుంచి పెరడు దాకా అంతా ఒకే చదును. పెరటి గుమ్మం మాత్రం, తలుపు రెక్కలతో సహా, ఉన్నచోటే నిట్టనిలువుగా మిగిలింది.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది.

వీరాయమ్మత్త కర్ర పట్టుకుని దిగింది. "అక్కడే ఉండబ్బాయ్, చూసొస్తా" అని ఆటో అతనికి చెప్పి, కర్రతో నేల తడుముకుంటూ నడిచింది. తాతబ్బాయి చేతులు కట్టుకుని పక్కన నడిచాడు. ఒక అడుగు. పది అడుగులు. ఇరవై అడుగులు. ఆవిడ కాలు ఎక్కడా పైకి లేవలేదు. పెరటి గుమ్మంలోంచి కుడికాలు పెట్టి ఇటు వచ్చి, ఆగింది.

"ఇల్లేదిరా పెద్దోడా?"

"నీకోసం కిందకి దించామత్తా."

"ఒకింత ఎక్కువ దించారు."

"అబ్బులు 'చాలు' అనేసరికి కొంచెం ఆలస్యమైందత్తా. పప్పన్నం తింటున్నాడు."

"తిండి దగ్గర చూసుకోవాలిరా. సరే, బల్లో?"

"ఇంటి కిందుంది."

"కాళ్ళు నేలకి ఆనాయా?"

"ఆనాయత్తా."

ఆవిడ కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టి చూసింది. "ఎక్కేది లేదు, దిగేది లేదు. డబ్బున్నవాళ్ళ కొంపల్లో కూడా ఇంత సదుపాయం చూళ్ళేదు. ఆటోని వెళ్ళిపొమ్మనరా. నేనుంటా."

తాతబ్బాయి చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆటో వెళ్ళిపోయింది. ఆటో మలుపు తిరగ్గానే ఆకాశం ఉరిమి, తొలకరి మొదలైంది. చినుకు చినుకు కాదు, కుండపోత.

"జల్లు లోపలికి కొడుతోంది. తలుపెయ్యండ్రా!" అంది అత్త.

తాతబ్బాయి ఉరికి పెరటి తలుపు వేసి, గడియ పెట్టి, లాగి చూశాడు. గట్టిగానే ఉంది. అయిదుగురూ తలుపుకి ఇవతల గుండ్రంగా కూర్చున్నారు. నెత్తి మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"వేళకి వేశావు. లేకపోతే తడిసిపోదుం" అంది అత్త.

ఇంతలో గంగాచలం మేస్త్రి నలుగురు మనుషులతో, పారలతో, వానలో రొప్పుకుంటూ వచ్చాడు. ఇల్లుండాల్సిన చోటు చూశాడు. "అయ్యో, అయ్యో, పిల్లలు!" అని అరుస్తూ గుమ్మం పక్కనుంచి పరుగెత్తుకొచ్చి, అయిదుగురినీ చూసి, వాళ్ళని తడిమి, ఉన్నారని తేల్చుకుని, బురదలో కూలబడ్డాడు.

తాతబ్బాయి నొచ్చుకున్నాడు. "పెద్దవాళ్ళు మీరే ఇలా చేస్తే ఎలా బాబాయ్? ఎదురుగా తలుపుండగా గోడలోంచి వస్తారా? లోపల ఆడవాళ్ళున్నారు."

మేస్త్రి అతని మొహం చూశాడు. నూకాలమ్మ మొహం చూశాడు. వీరాయమ్మత్త అప్పటికే పైటచెంగు సర్దుకుని, మొహం అటు తిప్పుకుని ఉంది. మేస్త్రి మెల్లగా లేచాడు. పంచె పిండుకున్నాడు. గుమ్మం చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, నిలబడి, తలుపు తట్టాడు.

"ఎవరూ?" అన్నాడు తాతబ్బాయి.